స్కానర్ రేడియో వినడం మొదలుపెట్టాలంటే: డాలస్–ఫోర్ట్ వర్త్‌లో నా అనుభవం

స్కానర్ కొందామనుకునేవాళ్ళు మొదట ధర చూస్తారు, తర్వాత రివ్యూలు చదువుతారు. వీటికంటే ముందు చూడాల్సింది తామున్న కౌంటీ. మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఏ పద్ధతిలో మాట్లాడుకుంటుందో తెలియకుండా కొంటే, ఎంత ఖరీదైన సెట్టయినా నోరు విప్పదు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ మోడల్ కొనమంటారు?" అని. "ఏ కౌంటీలో ఉంటారు, ఏం వినాలనుకుంటున్నారు?" అని నేను తిరిగి అడుగుతాను. ఈ రెండూ తేలితే మోడల్ దానంతటదే తేలుతుంది.

స్కానర్ వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియో, అందులోంచి మనం మాట్లాడలేం. మనం నింపిన ఛానళ్ళను వరసగా, సెకనుకు పదుల సంఖ్యలో చూసుకుంటూ పోతుంది. మాట వినిపించిన చోట ఆగుతుంది, అయిపోగానే మళ్ళీ బయలుదేరుతుంది. ఫైర్, అంబులెన్స్, పోలీసు, విమానాలు, రైళ్ళు, వాతావరణ హెచ్చరికలు, హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకున్న అభిరుచిపరుల రేడియో) అన్నీ దీని పరిధిలోకే వస్తాయి. కానీ ఇవన్నీ ఒకే తీరుగా ప్రసారం కావు. చిక్కంతా అక్కడే ఉంది.

రేడియోరిఫరెన్స్ అనే సైటులో అమెరికాలోని ప్రతి కౌంటీకీ ఒక పేజీ ఉంటుంది, చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ పేజీ చదవడం వస్తే సగం పని అయినట్టే. పట్టికలో ఫ్రీక్వెన్సీ పక్కన "మోడ్" అని ఒక గడి ఉంటుంది. అందులో ఎఫ్‌ఎంఎన్ అని ఉంటే మామూలు అనలాగ్, చౌక సెట్టు చాలు. ఏఎం అని ఉంటే విమానాల బ్యాండ్. పీ25 (పోలీసు, ఫైర్ విభాగాల డిజిటల్ పద్ధతి) అని ఉంటే డిజిటల్ సెట్టు తప్పదు. ఇక ట్రంకింగ్ సిస్టమ్ (కొన్ని ఫ్రీక్వెన్సీలను చాలా విభాగాలు పంచుకునే పద్ధతి, వివరం తర్వాత చెబుతాను) పేజీకి వెళితే ఫ్రీక్వెన్సీల బదులు టాక్‌గ్రూపుల (కలిసి మాట్లాడుకునే ఒక్కో బృందం) జాబితా కనిపిస్తుంది. అక్కడి మోడ్ గడిలో డి అంటే డిజిటల్, టి అంటే రెండో తరం డిజిటల్ (ఫేజ్ 2). వాటి వెనక పెద్ద బడిలో (క్యాపిటల్) ఈ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే ఆ గ్రూపు పూర్తిగా ఎన్‌క్రిప్ట్ (బయటివాళ్ళకు అర్థం కాకుండా మాటకు తాళం) అయినట్టు, చిన్న బడిలో ఉంటే అప్పుడప్పుడూ ఎన్‌క్రిప్ట్ చేస్తారని. పెద్ద బడి అక్షరం కనిపిస్తే ఆశ వదులుకోవాలి. దాన్ని వినిపించే స్కానర్ బజారులో లేదు, ఆ తాళం తీయాలని చూడటం నేరం కూడా.

ఇది ముందే చూసుకోవాల్సిన సంగతి, ఎందుకంటే పోలీసు రేడియో దేశమంతటా మూసుకుపోతోంది. డెన్వర్ 2019లో మూసేసింది, న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో 2020లో రాష్ట్ర న్యాయశాఖ వ్యక్తిగత సమాచారం గాలిలో వెళ్ళకూడదని ఆదేశించాక చాలా ఊళ్ళు అదే బాట పట్టాయి. అదే రాష్ట్రంలోని పాలో ఆల్టో మాత్రం 2022లో మళ్ళీ తెరిచింది. ఫైర్, అంబులెన్స్ డిస్పాచ్ (బండ్లను పంపే పిలుపులు) చాలాచోట్ల ఇంకా తెరిచే ఉన్నాయి. కాబట్టి పోలీసు మాటల కోసమే వందల డాలర్లు పెట్టాలనుకునేవాళ్ళకు నా సలహా: ముందు ఆ గడి చూడండి, తర్వాత కార్డు తీయండి.

కొత్తవాళ్ళు అనలాగ్ సెట్టుతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. యూనిడెన్ బీసీ125ఏటీ ఆ పనికి సరిపోతుంది. ధర వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ. 500 ఛానళ్ళు, పది బ్యాంకులు (ఛానళ్ళ గుంపులు), బ్యాంకుకు యాభై చొప్పున. 25–54, 108–174, 225–380, 400–512 మెగాహెర్ట్జ్ వింటుంది. 700, 800 మెగాహెర్ట్జ్ వినదు, డిజిటల్ వినదు, ట్రంకింగ్ అనుసరించదు. అయినా విమానాలు, రైళ్ళు, వాతావరణం, హ్యామ్ రిపీటర్లు (సిగ్నల్ అందుకుని బలంగా తిరిగి పంపే స్టేషన్లు), ఇంకా అనలాగ్‌లోనే ఉన్న చిన్న ఊళ్ళ ఫైర్ విభాగాలు ఇందులో దొరుకుతాయి. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ఇవే ఒక ఏడాదికి సరిపడా ఉన్నాయి.

సెట్టు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ మూత తీసి చూడటం. లోపల ఒక బుల్లి స్విచ్ ఉంటుంది, ఒకవైపు ఆల్కలైన్, రెండోవైపు నికెల్ మెటల్ హైడ్రైడ్. మామూలు ఆల్కలైన్ ఏఏ సెల్స్ వేసి, స్విచ్‌ను రీఛార్జబుల్ వైపు వదిలేసి యూఎస్‌బీ కేబుల్ గుచ్చితే సెట్టు ఆ సెల్స్‌ను ఛార్జ్ చేయబోతుంది. ఆల్కలైన్ సెల్స్ ఛార్జ్ తీసుకోవు. అవి వేడెక్కి, లోపలి ద్రవం కారి, కాంటాక్టులను తినేస్తుంది. పాత సెట్టు కొనేటప్పుడు కూడా ముందు ఆ మూత తీసే చూడాలి. స్ప్రింగుల మీద తెల్లటి లేదా పచ్చటి పొడి ఉంటే ఆ సెట్టు వద్దు.

ఛానళ్ళు బటన్లతో ఒక్కొక్కటిగా నింపవచ్చు గానీ ఓపిక చచ్చిపోతుంది. సెట్టుతో వచ్చే యూఎస్‌బీ కేబుల్‌ను కంప్యూటర్‌కు కలిపి, యూనిడెన్ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో పట్టిక మాదిరిగా నింపడం తేలిక. ఒక్కో ఛానల్‌కు పదహారు అక్షరాల పేరు ఇవ్వొచ్చు. ఇక్కడ బద్ధకించకండి. తెరమీద 160.650 అని కనిపిస్తే ఏమీ గుర్తుకురాదు, రైల్వే లైను పేరు కనిపిస్తే వెంటనే చెవి నిక్కబొడుచుకుంటుంది. బ్యాంకులు విడదీయడం ఇంకా ముఖ్యం. నేను ఒకటో బ్యాంకు విమానాలకు, రెండు రైళ్ళకు, మూడు హ్యామ్‌కు, నాలుగు మా చుట్టుపక్కల ఊళ్ళకు పెట్టుకున్నాను. అన్నీ ఒకే బ్యాంకులో కలిపేస్తే ఎయిర్‌పోర్టు దగ్గర ఉన్నవాళ్ళకు విమానాలు తప్ప ఇంకేమీ వినపడవు, ఎందుకంటే ఆ ఛానళ్ళు క్షణం ఖాళీగా ఉండవు.

సెట్టు మాడ్యులేషన్ గడిలో ఎన్‌ఎఫ్‌ఎం (రేడియోరిఫరెన్స్ పట్టికలో ఎఫ్‌ఎంఎన్ అన్నదే) పెట్టాలా, ఎఫ్‌ఎం పెట్టాలా అని చాలామంది తికమకపడతారు. 2013 జనవరి 1 నుంచి 150–512 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న పోలీసు, ఫైర్, వ్యాపార రేడియోలన్నీ 12.5 కిలోహెర్ట్జ్ ఇరుకు ఛానళ్ళకు మారాలని ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) నియమం. కాబట్టి వాటికి ఎన్‌ఎఫ్‌ఎం. ఎఫ్‌ఎం పెడితే మాట వినిపిస్తుంది గానీ సన్నగా, దూరంగా ఉన్నట్టు ఉంటుంది, వాల్యూమ్ ఎంత పెంచినా తృప్తి ఉండదు. హ్యామ్ రిపీటర్లకు మామూలు ఎఫ్‌ఎం సరిపోతుంది. సీటీసీఎస్‌ఎస్ అనే టోన్ గడి కూడా ఖాళీగా వదలకండి. దూరపు ఊరివాళ్ళు అదే ఫ్రీక్వెన్సీ వాడుతుంటే, మనవాళ్ళ టోన్ ఉన్నప్పుడే ఆగమని సెట్టుకు చెప్పేది ఆ గడే.

స్క్వెల్చ్, అంటే ఖాళీ ఛానల్ సొదను ఆపే సెట్టింగు సంగతి. హ్యామ్ ఛానలొకటి ఖాళీగా ఉన్నప్పుడు దానిమీద ఆపి, స్క్వెల్చ్ సున్నాకి తీసుకురండి, సొద వినిపిస్తుంది. ఒక్కో మెట్టూ పెంచుతూ సొద ఆగిన చోట ఆగి, ఇంకొక్క మెట్టు పెంచితే చాలు. అంతకంటే పెంచితే బలహీనమైన సిగ్నళ్ళన్నీ గడప బయటే ఆగిపోతాయి. "నా స్కానర్‌లో ఏమీ రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. డిలే రెండు సెకన్లు ఉంచితే ప్రశ్న వినగానే పారిపోకుండా జవాబు కోసం సెట్టు ఆగుతుంది.

సెట్టు బాగా పనిచేస్తోందో లేదో తేల్చడానికి వాతావరణ రేడియో ఉంది. జాతీయ వాతావరణ సంస్థ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు ఛానళ్ళలో రాత్రింబవళ్ళు ఆగకుండా ప్రసారం చేస్తుంది. డాలస్ స్టేషన్ 162.400 మీద, ఫోర్ట్ వర్త్ స్టేషన్ 162.550 మీద వస్తాయి. ఎప్పుడూ ఉండే సిగ్నల్ కాబట్టి యాంటెన్నా మార్చినప్పుడల్లా, సెట్టు ఒక కిటికీ దగ్గర్నుంచి ఇంకో కిటికీకి జరిపినప్పుడల్లా నేను ముందు దీన్నే విని పోల్చుకుంటాను. హెచ్చరిక వచ్చేముందు 1050 హెర్ట్జ్ కూత మోగుతుంది, సెట్టులో వాతావరణ అలర్ట్ ఆన్ చేసి ఉంటే అది పట్టుకుని మనల్ని లేపుతుంది. వారానికోసారి, మామూలుగా బుధవారం పగటిపూట, టెస్టు కూడా ఉంటుంది. టెక్సస్‌లో టోర్నడోల కాలం వచ్చిందంటే ఈ ఒక్క కారణానికైనా ఇంట్లో స్కానర్ ఉండాలంటాను. కరెంటు పోయి, సెల్ టవర్లు కిక్కిరిసిపోయినప్పుడు కూడా రెండు ఏఏ సెల్స్ మీద ఇది నడుస్తుంది. ఆ సమయంలో హ్యామ్‌లు స్కైవార్న్ నెట్ (తీవ్ర వాతావరణాన్ని కనిపెట్టేవాళ్ళ రేడియో సమావేశం) నడుపుతారు. ఎక్కడ వడగళ్ళు పడుతున్నాయి, ఎక్కడ మేఘం గోడలా కిందికి దిగి తిరుగుతోంది అనేది కళ్ళారా చూసినవాళ్ళు రోడ్ల పేర్లతో సహా చెబుతారు. అవి చాలావరకు అనలాగ్ రిపీటర్లే, ఈ చౌక సెట్టుకు అందుతాయి.

విమానాల బ్యాండు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు, ఏఎం పద్ధతిలో. ఇంకా ఏఎం ఎందుకు వాడతారంటే, ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైనది బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండోవారు మాట్లాడారన్న సంగతే కంట్రోలర్‌కు తెలియదు. ఏఎంలో అయితే కీచుమనే శబ్దం వస్తుంది, మళ్ళీ చెప్పమని అడుగుతారు. మొదట వినాల్సింది ఏటిస్. ప్రతి పెద్ద ఎయిర్‌పోర్టూ గాలి, రన్‌వేలు, ఒత్తిడి వివరాలను ఒక ఇంగ్లిష్ అక్షరం పేరుతో తిప్పి తిప్పి చదువుతూ ఉంటుంది. ఒకే సమాచారం మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి చెవికి మంచి సాధన. టవర్, గ్రౌండ్, అప్రోచ్ ఫ్రీక్వెన్సీలు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఉచితంగా ఇచ్చే చార్టుల్లో ఉంటాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: పైలట్ గొంతు స్పష్టంగా వినిపించి కంట్రోలర్ గొంతు వినపడకపోతే సెట్టులో లోపం లేదు. 35,000 అడుగుల ఎత్తున ఉన్న విమానం సిగ్నల్ 200 మైళ్ళ పైన కూడా అందుతుంది. నేలమీది టవర్ యాంటెన్నాకూ మీకూ మధ్య ఇళ్ళూ చెట్లూ ఉంటాయి.

రైళ్ళు 160 నుంచి 161.6 మెగాహెర్ట్జ్ మధ్య. ఫోర్ట్ వర్త్‌లోని టవర్ 55 దేశంలోనే అతి రద్దీ కూడళ్ళలో ఒకటి, కాబట్టి ఇక్కడివాళ్ళకు కొదవ లేదు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనవి పట్టాల పక్కనుండే డిటెక్టర్లు. రైలు దాటిపోగానే బేరింగులు వేడెక్కాయా, ఏదైనా ఈడ్చుకుపోతోందా అని చూసి, యంత్రం గొంతుతో మైలురాయి నంబరు, లోపాలు ఉన్నదీ లేనిదీ చెబుతుంది. చాలా డిటెక్టర్లు ఇరుసుల సంఖ్య కూడా చదువుతాయి. ఆ మైలురాయి ఎక్కడుందో మ్యాపులో చూసిపెట్టుకుంటే, రైలు మీ క్రాసింగ్‌కు ఎంతసేపట్లో వస్తుందో ముందే లెక్కకట్టొచ్చు. పిల్లలున్న ఇంట్లో ఇది బాగా నడుస్తుంది.

ఇక యాంటెన్నా. సెట్టుతో వచ్చే రబ్బరు యాంటెన్నా అన్నిటికీ కొద్దికొద్దిగా పనిచేస్తుంది, దేనికీ పూర్తిగా పనిచేయదు. ఇరవై డాలర్లలోపు సామానుతో ఇంట్లో చేసుకునే గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా దానికంటే ఎంతో మేలు. లెక్క తేలిక: 7500ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పావు తరంగం సెంటీమీటర్లలో వస్తుంది, అందులో ఐదు శాతం తగ్గించాలి. 155 మెగాహెర్ట్జ్‌కు 48.4, తగ్గిస్తే 46 సెంటీమీటర్లు. పావు తరంగం కడ్డీ మూడింతల ఫ్రీక్వెన్సీ దగ్గర కూడా పనిచేస్తుంది కాబట్టి అదే కడ్డీ 465 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల కూడా వినిపిస్తుంది. విమానాలకే చేసుకోవాలంటే 127 మెగాహెర్ట్జ్‌కు 56 సెంటీమీటర్లు.

కావాల్సింది నాలుగు మూలలా రంధ్రాలున్న ఎస్ఓ-239 సాకెట్ ఒకటి, ఇళ్ళ వైరింగ్‌కు వాడే 12 గేజ్ ఒంటి రాగి తీగ తొమ్మిది అడుగులు, నాలుగు చిన్న బోల్టులు, నట్లు, వాషర్లు, 60 వాట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సోల్డరింగ్ ఐరన్. తీగ మీది ప్లాస్టిక్ తీసేసి 46 సెంటీమీటర్ల ముక్క ఒకటి, 48 సెంటీమీటర్లవి నాలుగు కోయాలి. మొదటి ముక్కను సాకెట్ మధ్యలోని గొట్టంలో నిలబెట్టి సోల్డర్ చేయాలి. సాకెట్ లోహం వేడిని లాగేసుకుంటుంది, చిన్న ఐరన్‌తో చేస్తే సోల్డర్ పైపైన ముద్దలా గడ్డకడుతుంది, గాలికి ఊడిపోతుంది. మిగిలిన నాలుగింటికీ ఒక చివర చిన్న కన్ను వంచి మూలల బోల్టులకు బిగించి, కిందికి 45 డిగ్రీలు వంచాలి. అలా వంచితే ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 50 ఓమ్‌లకు దగ్గరగా వస్తుంది. కొసలన్నీ గుండ్రంగా వంచేయండి, కళ్ళ ఎత్తులో ఉండే తీగకొసలు ప్రమాదం. వంపుల్లో పోయే తీగ ఈ కొలతల్లో లేదు కాబట్టి కోసేటప్పుడు తలా రెండు సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోండి. వేలాడదీసినా నిలబెట్టినా నిలువుగానే ఉండాలి.

కేబుల్‌కు చాలామంది చేతికందిన ఆర్‌జీ-58 వాడతారు. 155 దగ్గర పెద్ద నష్టం లేదు గానీ 800 మెగాహెర్ట్జ్ దగ్గర 50 అడుగుల ఆర్‌జీ-58 దాటి వచ్చేసరికి సిగ్నల్‌లో ఐదోవంతు దాకానే మిగులుతుంది. టీవీకి వాడే ఆర్‌జీ-6 అంతే పొడవులో సగం దాకా మిగులుస్తుంది, చౌక కూడా. అది 75 ఓమ్‌ల కేబులే అయినా వినడానికి ఆ తేడా లెక్కలోకి రాదు.

అటకమీద పెడదామనుకునే టెక్సస్ ఇళ్ళవాళ్ళకు ఒక హెచ్చరిక. ఎండ వేడిని ఆపడానికి ఇక్కడి కొత్త ఇళ్ళ పైకప్పు చెక్కల లోపలివైపు వెండిరంగు రేకు అతికిస్తారు. టార్చ్ వేసి చూడండి, పైకప్పు లోపల తళతళలాడితే అటకమీద యాంటెన్నా దండగ, ఆ రేకు సిగ్నల్‌ను కూడా తిప్పికొడుతుంది. ఇలాంటి ఇళ్ళలో కింద గదిలో కిటికీ దగ్గర పెట్టిందే మెరుగ్గా వింటుంది, అదీ కిటికీ అద్దానికి లోహపు పూత లేకపోతేనే. యాంటెన్నా ఇంటి బయట పెడితే కేబుల్ లోపలికి వచ్చేచోట గ్రౌండ్ బ్లాక్ వేసి, లావు రాగి తీగతో ఇంటి ప్రధాన గ్రౌండ్‌కే కలపాలి. విడిగా ఇంకో రాడ్డు పాతి వదిలేస్తే పిడుగు పడ్డప్పుడు రెండు గ్రౌండ్ల మధ్య తేడా వోల్టేజీ మీ సెట్టు గుండానే పోతుంది. ఉరుములు వినిపించగానే కేబుల్ ఊడదీసి, సెట్టును రబ్బరు యాంటెన్నాతో బ్యాటరీ మీద నడుపుకోవాలి. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి కూడా అడగండి. టీవీ యాంటెన్నాలకు ఫెడరల్ నియమం ఇచ్చే రక్షణ స్కానర్ యాంటెన్నాకు లేదు.

యాంప్లిఫయర్ జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. ఊళ్ళో ఉన్నవాళ్ళ సమస్య సిగ్నల్ తక్కువ కావడం కాదు, అక్కర్లేని సిగ్నల్ ఎక్కువ కావడం. 88–108 ఎఫ్‌ఎం స్టేషన్ల టవర్ దగ్గర్లో ఉంటే పాటలు విమానాల ఛానల్‌లో వినిపిస్తాయి. దానికి మందు ఎఫ్‌ఎం ఫిల్టర్. సొద ఎక్కువగా ఉంటే సెట్టును బ్యాటరీ మీద పెట్టి ఇంటి బ్రేకర్లు ఒక్కొక్కటీ ఆపి చూడండి. ఎల్‌ఈడీ బల్బులు, చౌక ఫోన్ ఛార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు వరసగా దొరికిపోతాయి.

ఇప్పుడు ట్రంకింగ్. పెద్ద ఊళ్ళ ఫైర్, పోలీసు రేడియోలు ఇందులోనే ఉంటాయి కాబట్టి అనలాగ్‌తో ఆగిపోకూడదనుకునేవాళ్ళు ఇది అర్థం చేసుకోవాలి. బ్యాంకులో టోకెన్ తీసుకుంటే ఏ కౌంటర్ ఖాళీ అయితే ఆ కౌంటర్‌కు పిలుస్తారు కదా, అలాగే ఇక్కడ ఏ విభాగానికీ సొంత ఫ్రీక్వెన్సీ ఉండదు. కంట్రోల్ ఛానల్ అనేది సెకనుకు 9600 బిట్ల వేగంతో ఆగకుండా డేటా పంపుతూ, ఫలానా టాక్‌గ్రూపు ఇప్పుడు ఫలానా ఫ్రీక్వెన్సీకి వెళ్ళాలని చెబుతుంది. మాట అయిపోయి మళ్ళీ మొదలైతే ఇంకో ఫ్రీక్వెన్సీ. అందుకే ట్రంకింగ్ ఫ్రీక్వెన్సీలను మామూలు ఛానళ్ళలా నింపితే ముక్కలుముక్కలుగా సంబంధం లేని మాటలూ, గరగరా తప్ప ఏమీ రావు.

దీనికి రెండు దారులు. ఒకటి యూనిడెన్ ఎస్‌డీఎస్100 లాంటి సెట్టు, ఆరేడు వందల డాలర్లు. జిప్ కోడ్ కొడితే చుట్టుపక్కల సిస్టమ్‌లన్నీ అదే తెస్తుంది. కానీ అలాగే వదిలేస్తే వందల టాక్‌గ్రూపులు, డజన్ల సైట్లు (టవర్లున్న చోట్లు) వెతుక్కుంటూ సెట్టు అసలు మాట మొదలయ్యేటప్పటికి వేరేచోట ఉంటుంది. ఒక ఫేవరెట్స్ లిస్టు చేసుకుని, దగ్గరి సైటు ఒకటి, కావాల్సిన టాక్‌గ్రూపులు పదో ఇరవయ్యో పెట్టుకోవాలి. ఇంకో సూక్ష్మం: ఒక టాక్‌గ్రూపు ఒక సైటు మీద వినపడాలంటే ఆ గ్రూపు మీద ఉన్న రేడియో ఒక్కటైనా ఆ సైటుకు తగులుకుని ఉండాలి. పక్క కౌంటీ ఫైర్ మీ సైటులో వినపడటం లేదంటే అక్కడివాళ్ళెవరూ ఇటు రాలేదని, అంతే.

రెండో దారి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చే బుల్లి రేడియో రిసీవర్), ముప్ఫై నలభై డాలర్లు, దాంతో ఉచిత సాఫ్ట్‌వేర్ ఎస్‌డీఆర్‌ట్రంక్. విండోస్‌లో ముందు జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాంతో డ్రైవర్ మార్చాలి. ఆ జాబితాలో "బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0" అనే దాన్నే ఎంచుకుని విన్‌యూఎస్‌బీ పెట్టాలి, పొరపాటున మౌస్‌నో కీబోర్డునో ఎంచుకుంటే అవి ఆగిపోతాయి. ఒక డాంగుల్‌కు ఒకేసారి కనిపించేది 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు మాత్రమే. కంట్రోల్ ఛానల్ 851లో ఉండి మాటలు 858కి వెళితే ఆ డాంగుల్‌కు అవి కనిపించవు. మీ సైటు ఫ్రీక్వెన్సీలను పక్కపక్కన రాసుకుని చూస్తే ఎన్ని డాంగుల్స్ కావాలో తెలుస్తుంది. చాలాచోట్ల రెండు మూడు పడతాయి. కంప్యూటర్ మీద ఆధారపడటం దీని లోటు. మేలు ఏంటంటే పది మాటలు ఒకేసారి నడిచినా ఒక్కటీ పోకుండా రికార్డు చేసి పెడుతుంది. ఇంటికి ఇదే మేలంటాను, చేతిలో పట్టుకు తిరగడానికి మాత్రం ఎస్‌డీఎస్100.

ఏ దారిలో వెళ్ళినా ఎదురయ్యే పెద్ద అడ్డంకి సైమల్‌కాస్ట్. తెరమీద సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం నీళ్ళలోంచి వస్తున్నట్టు గుడగుడలాడి తెగిపోతుంది. ఐదారు టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే క్షణంలో, ఒకే మాట పంపడం ఈ పద్ధతి. పీ25 ఫేజ్ 1లో ఒక్కో సింబల్ (ఒకసారికి పంపే డేటా ముక్క) నిడివి 208 మైక్రోసెకన్లు. మీ ఇంటికి ఒక టవర్ దగ్గరగా, ఇంకోటి దానికంటే పది మైళ్ళు దూరంగా ఉంటే రెండో సిగ్నల్ 54 మైక్రోసెకన్లు ఆలస్యంగా వస్తుంది, అంటే పావు సింబల్. రెండూ ఒకదానిమీద ఒకటి పడి బిట్లు చెడిపోతాయి. పాత స్కానర్లు మామూలు ఎఫ్‌ఎం రిసీవర్ తీసుకుని దాని వెనక డిజిటల్ డీకోడర్ తగిలించినవి, ఈ చెడిపోయిన సిగ్నల్‌ను విడదీయలేవు. 2018లో వచ్చిన ఎస్‌డీఎస్100కు ఆ ఎక్కువ ధర దీనికే, అది సిగ్నల్ ఫేజ్‌ను కూడా చూస్తుంది. ఎస్‌డీఆర్‌ట్రంక్‌లో అయితే ఛానల్ సెట్టింగులో మాడ్యులేషన్‌ను "సైమల్‌కాస్ట్ ఎల్‌ఎస్‌ఎం"కు మార్చాలి.

పాత సెట్టే ఉందంటే యాంటెన్నా పెంచడం తప్పు, తగ్గించడం మందు. అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే సెట్టింగు) ఆన్ చేయడం, చిన్న యాంటెన్నా పెట్టడం, ఒకే టవర్ వైపు తిప్పిన యాగీ (ఒక దిశలోనే బాగా వినే యాంటెన్నా) వాడటం, అన్నీ దూరపు టవర్లను తగ్గించే ఎత్తులే. 850 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. సెట్టును బల్లమీద ఒక బెత్తెడు జరిపితే చాలు, విరిగిన మాట అతుక్కోవచ్చు. ఎక్కడ బాగా వస్తుందో అక్కడ టేపుతో గుర్తు పెట్టుకోండి.

చెవి అలవాటుపడటానికి టైం పడుతుంది. ఫైర్ డిస్పాచ్ ఒక వరసలో ఉంటుంది: టోన్లు, ఏ బండ్లు వెళ్ళాలి, ఏం జరిగింది, చిరునామా. ఇంజన్ అంటే నీళ్ళూ గొట్టాలూ ఉన్నది, ట్రక్ అంటే నిచ్చెన ఉన్నది, మెడిక్ అంటే అంబులెన్స్. కారు నంబర్లు చదివేటప్పుడు పోలీసులు ఆడమ్, బాయ్, చార్లెస్ అంటారు, పైలట్లు ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటారు. టెన్-కోడ్లు (10-4 లాంటి అంకెల సంకేతాలు) ఊరూరికీ మారతాయి కాబట్టి ఇంకో ఊరి పట్టిక బట్టీపట్టి లాభం లేదు.

చట్టం సంగతి, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్ళకు. తెరిచి ఉన్న పోలీసు, ఫైర్ ప్రసారాలు ఇంట్లో వినడానికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. సెల్‌ఫోన్, కార్డ్‌లెస్ ఫోన్ సంభాషణలు వినడం నేరం. అందుకే 1994 నుంచి తయారైన స్కానర్లలో 824–849, 869–894 మెగాహెర్ట్జ్ మూసేసి ఉంటాయి. విన్నది సొంత లాభానికి వాడుకోవడం, నేరం చేయడానికి వాడటం కూడా నిషేధం. కారులో స్కానర్ పెట్టుకోవడాన్ని న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా వంటి రాష్ట్రాలు కట్టడి చేస్తాయి, డ్రైవింగ్‌లో రాష్ట్రం దాటేముందు చూసుకోండి. పేషెంట్ చిరునామా, ఆరోగ్య వివరాలు ఎన్నో చెవిన పడతాయి. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, చిరునామా వినగానే కారేసుకుని అక్కడికి పోవడం రెండూ చేయకూడనివి. పోలీసు విభాగాలు ఎన్‌క్రిప్షన్ వైపు వెళ్ళడానికి చెప్పే కారణాల్లో ఇవే ముందుంటాయి.

సెలవులకు హైదరాబాద్, విజయవాడ వెళ్ళేటప్పుడు స్కానర్‌ను సూట్‌కేసులో వేసుకోకండి. భారత్‌లో 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నాటి నుంచీ వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలనే పద్ధతి ఉంది, ఎయిర్‌పోర్టులో సంజాయిషీ చెప్పుకోవడం మామూలు విషయం కాదు. అక్కడ ఈ అభిరుచి ఉన్నవాళ్ళకు సరైన దారి హ్యామ్ పరీక్ష. హైదరాబాద్‌లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఆ పరీక్ష ఇంకా తేలిక: టెక్నీషియన్ స్థాయికి 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. పౌరసత్వం అక్కర్లేదు. ప్రశ్నల బ్యాంకు మొత్తం ముందే ప్రచురిస్తారు, ఎఫ్‌సీసీ ఫీజు 35 డాలర్లు. స్కైవార్న్ నెట్‌ను వింటున్నవాళ్ళు పరీక్ష పాసై కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) వచ్చాక తాము చూసిన మేఘం గురించి అందులోనే చెప్పొచ్చు.